కొండ మీద విమానం వద్దు, కొండ కింద విమానాలు కావాలి

తిరుమల మీదుగా విమానం వెళ్ళిందంటూ ఫోన్లలో మళ్ళీ వీడియోలు తిరుగుతున్నాయి. వాటి వెంటే కొండ పైన విమానాలు ఎగరకుండా 'నో ఫ్లై జోన్' పెట్టాలన్న డిమాండూ వచ్చింది. రేణిగుంటలో తిరుపతి ఎయిర్‌పోర్టు ఎలా వచ్చిందో ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇవాళ్టి పేచీకి మూలం 2014లో ఉంది.

ఆ ఏడాది రాష్ట్ర విభజన చట్టం 13వ షెడ్యూల్లో విశాఖ, విజయవాడలతో పాటు తిరుపతి విమానాశ్రయాన్నీ అంతర్జాతీయ స్థాయికి పెంచే వీలును పరిశీలించాలని రాశారు. 2015 అక్టోబరు 22న ప్రధాని మోదీ కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. విదేశీ విమానాలు అంత తొందరగా రాలేదు, అది వేరే సంగతి. మొత్తానికి రేణిగుంట ఇక చిన్న ఎయిర్‌పోర్టుగా ఉండిపోదని తేలింది. పెరిగే విమానాలు ఏ దారిన వచ్చిపోవాలన్నది మాత్రం ఆ హడావుడిలో తేలలేదు.

ఇక్కడ రన్‌వే ఒక్కటే. దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి. పడమటి గాలి ఉన్నప్పుడు తూర్పు నుంచి దిగితే సరిపోతుంది. గాలి తూర్పుకు తిరిగితే పడమటి నుంచి రావాలి. అటు చూస్తే తిరుపతి ఊరు, దాని పక్కనే శేషాచలం కొండలు. అక్కడ పెద్ద వలయం గీసి మూసేస్తే పైలట్‌కు తిరిగే చోటు తగ్గిపోతుంది. మబ్బు కిందికి దిగిన రోజున ఇది చిన్న ఇబ్బంది కాదు. దిగలేని విమానం చెన్నైకో బెంగళూరుకో మళ్ళాల్సిందే.

ఎత్తు లెక్క ఇంకో చిక్కు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంటే, రేణిగుంట రన్‌వే సుమారు 100 మీటర్ల దగ్గర ఉంది. కింద తిరుపతిలో ఎవరూ తలెత్తి చూడని విమానం, మాడవీధుల్లో నిలబడ్డ భక్తుడికి 700 మీటర్లు దగ్గరగా కనిపిస్తుంది. గోపురాన్ని రాసుకుంటూ పోయినట్టే ఉంటుంది. పైగా మ్యాప్‌లో చెన్నై నుంచి ముంబైకి గీత గీస్తే అది తిరుమల పక్కనుంచే పోతుంది. కొండ మీద కనిపించిన ప్రతి విమానమూ రేణిగుంటదే కానక్కర్లేదు.

టీటీడీ వాదన సూటిగానే ఉంది. ఆగమం ప్రకారం గర్భగుడి మీది ఆనంద నిలయం గోపురం పైనుంచి ఏదీ ఎగరకూడదు. 2025 మార్చిలో బోర్డు చైర్మన్ బీఆర్ నాయుడు ఇదే మాట చెబుతూ, భద్రతనూ జోడించి, కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడుకు లేఖ రాశారు. 2003 అక్టోబరులో అలిపిరి దగ్గర మందుపాతర పేలిన ఊరు కాబట్టి భద్రత మాటను కొట్టిపారేయలేం. అయితే 2023 జనవరిలో ఆలయం వీడియో బయటికొచ్చి రచ్చ జరిగింది విమానం వల్ల కాదు, డ్రోన్ వల్ల. డ్రోన్లను ఆపాల్సింది కొండ మీది నిఘా. రేణిగుంట కంట్రోల్ టవర్ కాదు.

విమానంలో వచ్చే భక్తులంటే టీటీడీకి పడదని కాదు. శ్రీవాణి దర్శనం టికెట్ల కోసం ఎయిర్‌పోర్టులోనే కౌంటర్ పెట్టింది. విరాళం పది వేలు, టికెట్ ఐదు వందలు. 2025లోనే ఈ విమానాశ్రయానికి శ్రీ వేంకటేశ్వరుడి పేరు పెట్టాలనీ బోర్డు తీర్మానించింది. నో ఫ్లై జోన్‌కు మాత్రం కేంద్రం ఇంతవరకు ఒప్పుకోలేదు. ఎన్ని కిలోమీటర్ల మేర, ఎంత ఎత్తు వరకు మూయాలో లెక్క కట్టి అడిగితేనే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అయినా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అయినా అవుననో కాదనో చెప్పగలిగేది.