పేరు కలిస్తే మనిషి కలిసినట్టేనా? అమెరికా తొలి వలస కుటుంబాల వంశవృక్షాలు: అపోహలు - వాస్తవాలు

మసాచుసెట్స్, కనెక్టికట్ పాత రికార్డుల్లో కుటుంబాల ఆనవాళ్లు వెతికిపెట్టడం నా వృత్తి. వచ్చేవాళ్లలో చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన వంశవృక్షాన్ని ప్రింటు తీసుకుని వస్తారు. మన తెలుగువాళ్లూ వస్తుంటారు, అమెరికన్ కోడలి వైపు పెద్దల వివరాలు మనవల కోసం రాసిపెడదామని. అందరి కాగితాల్లోనూ ఒకటే తప్పు.

అపోహ: పేరు, ఊరు, కాలం సరిపోయాయంటే ఆ మనిషే.

వాస్తవం: కానే కాదు. 1620-1640 మధ్య సుమారు 20,000 మంది ఇంగ్లండ్ నుంచి న్యూ ఇంగ్లండ్‌కు, అంటే మసాచుసెట్స్, కనెక్టికట్ ఉన్న అమెరికా ఈశాన్య ప్రాంతానికి వచ్చారు. ఎటు చూసినా జాన్, థామస్, విలియం. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్లలోనూ ఉంది. అన్నదమ్ములిద్దరూ తండ్రి పేరే కొడుకులకు పెడితే ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరు. వాళ్లను రికార్డుల్లో సీనియర్, జూనియర్ అని రాస్తే మనవాళ్లు తండ్రీకొడుకులను చేసేస్తారు. అప్పట్లో అది వయసు తేడా మాత్రమే. అలా రాసిన ఇద్దరికి ఒక్కోసారి అసలు బంధుత్వమే లేకపోవచ్చు. పెద్దాయన పోతే జూనియరే సీనియర్ అవుతాడు.

ఒక పెద్దావిడ ఇంగ్లండ్‌లో ఓ పల్లె చర్చిదాకా వెళ్లి ఫొటోలు దిగి వచ్చారు, తమ మూలపురుషుడికి బాప్టిజం జరిగింది అక్కడేనని. ఆ పారిష్ రిజిస్టరులో, అంటే చర్చి రికార్డు పుస్తకంలో, బాప్టిజం ఎంట్రీ నిజంగానే ఉంది. ఖననాల పేజీలు కూడా తిప్పాను. మరుసటి చలికాలంలోనే, అదే తండ్రి పేరు కింద, ఆ పసివాడి ఖననం. ఊయల దాటని బిడ్డను ఎవరో అట్లాంటిక్ దాటించి పెళ్లి చేశారు, మిగతావాళ్లు కాపీ కొట్టారు. "ఇన్నాళ్లూ పిల్లలకు అబద్ధం చెప్పానా?" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తప్పు ఆవిడది కాదు. అమెరికా వైపు తరాలన్నీ దస్తావేజులతో గట్టిగా నిలిచాయి. కొట్టేసింది సముద్రం అవతలి ముక్కనే.

ఇద్దరు జాన్‌లను విడదీయాలంటే భూమి దస్తావేజులు చదవాల్సిందే. ఒకడు పేరు రాస్తాడు, ఇంకొకడు గుర్తు వేస్తాడు. అమ్మేటప్పుడు భార్య తన హక్కు వదులుకున్నట్టు రాస్తే ఆమె పేరు తెలుస్తుంది: ఒకడి భార్య హన్నా, మరొకడి భార్య మేరీ. సరిహద్దు పొలాలవాళ్ల పేర్లూ చూడండి. వీలునామాలో గుర్తు ఉందని మాత్రం తొందరపడొద్దు, మంచం పట్టినవాడికి సంతకం పెట్టే ఓపిక ఉండకపోవచ్చు. ఆడవాళ్ల పుట్టింటి పేరు ఎక్కువగా దొరికేది తండ్రి వీలునామాలోనే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. న్యూయార్క్‌లో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో ఇంటిపేరు మార్చేశారట! అది తెరిచిందే 1892లో, వీళ్లు వచ్చిన రెండున్నర శతాబ్దాల తర్వాత. ఇంటిపేరుకు వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) అమ్ముతారు, కొనకండి. ఇంగ్లండ్‌లో అది వ్యక్తికి, అతని వారసులకు చెందుతుంది, ఇంటిపేరుకు కాదు. అచ్చయిన పుస్తకమని నమ్మేయకండి. గుస్తావ్ ఆంజూ అనే ఆయన డబ్బున్నవాళ్లకు దొంగ వంశవృక్షాలు తయారుచేసి అమ్మాడు. 1942లో పోయాడు, ఆ కల్పనలు ఇంకా తిరుగుతున్నాయి. డీఎన్ఏ కలవలేదని కుంగిపోకండి. పది తరాల వెనక మనకు 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి, వాళ్లలో చాలామంది డీఎన్ఏ మనదాకా రానే రాదు.

టెన్షన్‌తో ఫోన్ చేసేది మాత్రం తేదీల గురించే. పెళ్లి 1690 ఏప్రిల్‌లో, బిడ్డ పుట్టింది 1690 ఫిబ్రవరిలో. పెళ్లికి ముందే బిడ్డా అని గాభరా. 1752కు ముందు ఇంగ్లండ్‌లో, దాని వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ఆ ఫిబ్రవరి వచ్చింది ఏప్రిల్ తర్వాతే. పెళ్లైన పది నెలలకు పుట్టిన బిడ్డ. కాగితంలో 1690 అని ఉంటే అలాగే ఎత్తిరాసి, మన లెక్కలో 1691 అని పక్కన రాయండి. అసలు అంకెను మాత్రం దిద్దకండి.