ముందు చక్రాల ఊగుడు: జీపు, జిప్సీ, జిమ్నీ నడిపేవాళ్లకు అపోహలు - వాస్తవాలు

ములుగు, తాడ్వాయి అడవి బాటల్లో తిరిగి 163వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక, బండి 60-70 మీద పోతుండగా ముందు చక్రం ఏ కల్వర్టు అతుకు మీదో పడుతుంది. ఆ ఒక్క దెబ్బకు రెండు చక్రాలూ కుడికీ ఎడమకీ కొట్టుకుంటాయి, స్టీరింగు చేతుల్లోంచి గుంజుకుపోతుంది. స్పీడు బాగా తగ్గితే గాని ఆగదు. డెత్ వాబుల్ అనేది దీన్నే. ముందు రెండు చక్రాలనూ ఒకే గట్టి యాక్సిల్ కలిపే బండ్లకు వచ్చే రోగం ఇది: పాత మహీంద్రా జీపులు, మారుతి జిప్సీ, జిమ్నీ, జీప్ రాంగ్లర్. 2020లో వచ్చిన థార్‌లో ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి కాబట్టి అందులో వణుకు వస్తే వేరే దారిలో వెతకాలి.

స్టీరింగు తిప్పినప్పుడు చక్రం కింగ్‌పిన్ అనే నిలువు పిన్ను చుట్టూ తిరుగుతుంది. ఏ దెబ్బకో పక్కకు మళ్లితే టైరు దాన్ని మళ్లీ సూటిగా తెస్తుంది. జాయింట్లలో లూజు ఉంటే చక్రం సూటి దగ్గర ఆగక అవతలికి దాటుతుంది, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ రెండో చక్రాన్ని కూడా లాగుతుంది. ఆ ఊపు ఆరిపోకుండా బండి వేగమే దానికి బలం ఇస్తూ పోతుంది. మొదలుపెట్టేది టైరో గుంతో అయినా, నిలబెట్టేది లూజే.

అపోహ: స్టీరింగ్ డాంపర్ వేస్తే పోతుంది.

కొన్నాళ్లు కనిపించకుండా పోతుంది, అంతే. డాంపర్ అంటే స్టీరింగు రాడ్డుకు తగిలించే షాక్ అబ్జార్బర్ లాంటిది, అది ఊపును మింగుతుంది గాని అరిగిన జాయింటును బిగించదు. లోపల అరుగుదల సాగుతూనే ఉంటుంది. డాంపర్ అలిసిపోయిన రోజు ఊగుడు ముందుకన్నా ఎక్కువగా వస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్న బండి డాంపర్ విప్పేసినా ఇలా ఊగకూడదు. ఆయిల్ కారుతున్నా, చేత్తో లాగి నొక్కితే మధ్యలో ఖాళీగా జారుతున్నా డాంపర్ మార్చండి, కానీ అన్నిటికన్నా చివర.

అపోహ: బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయిస్తే చాలు.

మొదట రెండు రకాల వణుకులను విడదీసి చూడాలి. ఒక స్పీడులో వచ్చి, కొంచెం పెంచినా తగ్గించినా పోయే సన్నని వణుకు బ్యాలెన్సింగ్‌ది. దెబ్బ తగిలాక మొదలై, బండి నెమ్మదించే దాకా వదలనిది మనం మాట్లాడుకుంటున్నది.

అయినా టైరుతోనే మొదలుపెట్టండి, ఖర్చు లేని పని. నల్లరేగడి బురద రిమ్ము లోపలి వైపు పట్టి ఎండితే చక్రం ఒక పక్కకు బరువెక్కుతుంది. బయటి వైపు మాత్రమే కడిగితే అది అలాగే ఉంటుంది. బురదలోకి దిగేముందు గాలి తీసి, రోడ్డెక్కాక నింపకపోవడం ఇంకో కారణం. డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత గాలి పెట్టి, ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి చూడండి. ఊగుడు మొదలయ్యే స్పీడు మారితే టైర్లకూ ఇందులో వాటా ఉన్నట్టే. అలైన్‌మెంట్ మాత్రం లూజులు పోయాకే చేయించాలి. జాయింట్లు ఆడుతుంటే మిషన్ చూపించే లెక్క రోడ్డు మీద నిలవదు.

అపోహ: జాకీ వేసి చక్రం ఊపి చూశాం, అంతా టైటుగానే ఉంది.

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. చక్రం గాల్లో ఉన్నప్పుడు బరువు పడదు కాబట్టి చాలా జాయింట్లు తమ లూజును చూపించవు. మొదటి పరీక్ష బండి నేల మీద ఉండగానే చేయాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా, టకటకా ఆడిస్తూ ఉండాలి. ఇంకొకరు కింద ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూడాలి. కంటికి కనబడని లూజు వేలికి తెలుస్తుంది.

స్టీరింగ్ బాక్సు దగ్గర మొదలుపెట్టండి. బాక్సు ఛాసిస్ మీద కదులుతోందా, బోల్టుల చుట్టూ ఛాసిస్ చీలిందా చూడండి. తర్వాత బాక్సు నుంచి చక్రాల వైపు పోయే రాడ్డు, అంటే డ్రాగ్ లింక్ రెండు చివరలు, టై రాడ్ ఎండ్లు. జిమ్నీ, రాంగ్లర్‌లలో యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టి ఉంచే అడ్డ రాడ్డు ఉంటుంది. దాని బుష్షులూ (రబ్బరు తొడుగులు) బోల్టు రంధ్రాలూ మొదటి అనుమానితులు. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగితే బోల్టు ఎంత బిగించినా నిలవదు. సరైన సైజు రంధ్రం ఉన్న మందపాటి ప్లేటు వెల్డింగ్ చేయించాలి. ఆ బోల్టును బండి బరువు చక్రాల మీద ఉండగానే టార్క్ రెంచితో చివరి బిగింపు బిగించాలి. జాకీ మీద బిగిస్తే, బండి దించగానే బుష్షు మెలిపడి తొందరగా చిరుగుతుంది. జిప్సీలో, పాత జీపుల్లో ఆ రాడ్డు ఉండదు. కమాన్ పట్టీలే యాక్సిల్‌ను పట్టుకుంటాయి కాబట్టి కమాను చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ బుష్షులు, కమానును యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు చూడండి.

ఆ తర్వాతే జాకీ. యాక్సిల్ కింద జాకీ వేసి, స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగ్. తొక్కినా ఆడుతుంటే జిప్సీ, జిమ్నీల్లో కింగ్‌పిన్ బేరింగులు, రాంగ్లర్‌లో బాల్ జాయింట్లు. ఈ చిన్న పని చేయకపోవడం వల్లే మంచి బేరింగులు ఊరికే మారిపోతుంటాయి.

అపోహ: కింగ్‌పిన్ షిమ్ములు తీసి బిగిస్తే సరిపోతుంది.

షిమ్ము అంటే సందు సరిచేయడానికి పెట్టే పలుచని రేకు. అది తీస్తే బిగుతు పెరుగుతుంది, నిజమే. అయితే జంపన్నవాగు లాంటి చోట దిగినప్పుడు నకిల్ (చక్రంతో పాటు కింగ్‌పిన్ మీద తిరిగే భాగం) సీలు పాడై ఉంటే లోపలికి నీళ్లు పోతాయి. గ్రీజు తెల్లగా చిక్కబడుతుంది, బేరింగు కప్పులో రోలర్ల గుర్తులు గీతలుగా పడతాయి. ఆ గీతల మీద ఎంత బిగించినా సూటి దగ్గర పట్టేసినట్టూ పక్కకు తిప్పితే వదిలినట్టూ ఉంటుంది. బేరింగులు కప్పులతో సహా రెండు పక్కలా మార్చి, కొత్త సీలు వేసి, నకిల్‌ను గ్రీజుతో నింపాలి. బిగుతు చేతి అంచనాతో కాదు: టై రాడ్ విప్పి, సీలు బిగించకముందు, నకిల్ ఆర్మ్ చివర స్ప్రింగ్ కాటా తగిలించి లాగితే కదలడం మొదలయ్యే కిలోల లెక్క మీ బండి మాన్యువల్‌లో ఉన్నదానికి సరిపోవాలి. అతిగా బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు, కొత్త బేరింగులూ పాడవుతాయి.

అపోహ: లిఫ్ట్ చేసిన (ఎత్తు పెంచిన) బండి ఊగడం మామూలే.

మామూలు కాదు. లిఫ్ట్ వల్ల క్యాస్టర్, అంటే కింగ్‌పిన్ పైభాగం వెనక్కి వాలిన కోణం తగ్గుతుంది, దాంతో చక్రం సూటిగా నిలబడే గుణం తగ్గుతుంది. జిప్సీలో ముందు కమాన్ల షాకిల్ ముందు వైపు ఉంటుంది కాబట్టి పొడవు షాకిల్ వేస్తే క్యాస్టర్ నేరుగా పడిపోతుంది. కమానుకూ యాక్సిల్‌కూ మధ్య ఇనుప వెడ్జి వేసి సరిచేయొచ్చు. కమాను యాక్సిల్ కింద ఉంటే వెడ్జి మందం వైపు ముందుకు, కమాను పైన ఉంటే వెనక్కు. అల్యూమినియం వెడ్జి వద్దు, పగిలి జారిపోతుంది. వెడ్జి వేశాక యాక్సిల్‌కు ఇంజిన్ బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది, దాన్నీ చూసుకోవాలి. క్యాస్టర్ మరీ ఎక్కువైనా ఊగుడే.

అపోహ: స్పీడు పెంచితే దాటిపోతుంది.

ఎప్పుడూ చేయకండి. యాక్సిలరేటర్ వదిలేయండి. స్టీరింగును రెండు చేతులా పట్టుకోండి, బొటనవేళ్లు లోపలి కడ్డీలకు చిక్కకుండా బయటే ఉంచండి. ఊపుకు ఎదురు తిప్పొద్దు. బ్రేకు మెల్లగా తొక్కుతూ ఎడమ పక్కకు తీసుకోండి. ఆగాక చక్రం నట్లు, టై రాడ్ ఎండ్ల స్ప్లిట్ పిన్నులు, అడ్డ రాడ్డు బోల్టు, యూ బోల్టులు చూసి, వదులైనవి బిగించండి. టై రాడ్ ఎండ్ పిన్ను లేకపోయినా, స్టీరింగ్ బాక్సు దగ్గర చీలిక కనిపించినా బండిని నడపకుండా టో చేయించండి.