యానిమేషన్‌లో లెక్కలు: ఒంగోలు తల్లిదండ్రులు అడిగేవి

ఇంటర్ ఫలితాలొస్తే చాలు, ఒంగోలు చుట్టుపక్కల నుంచి నాకు ఒకటే మాట వినిపిస్తుంది: "మావాడికి లెక్కలు రావు సార్, బొమ్మలు బాగా వేస్తాడు. యానిమేషన్‌లో చేర్చేదా?"

అపోహ: బొమ్మలొస్తే చాలు, లెక్కలతో పనిలేదు.

వాస్తవం: బొమ్మ నిలబడేది గీతతో, నమ్మేలా కదిలేది లెక్కతో. చేతిలోంచి బంతి జారే సీను తీసుకోండి. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. ప్రతి ఫ్రేముకీ బంతి ఒకే దూరం దిగితే, దారం కట్టి దించినట్టుంటుంది. నిజంగా పడే బంతి మొదటి ఫ్రేములో ఒక వంతు దిగితే రెండోదాంట్లో మూడు, ఆపైన ఐదు, ఏడు వంతులు దిగుతుంది. 12 ఫ్రేములకి సుమారు 1.22 మీటర్లు. బడిలో చదివిన సూత్రమే ఇది.

మన ఒంగోలు గిత్త నడకలో ఇంకా అందమైన లెక్క ఉంది. అడుగు పడగానే ఒళ్లు ఊగుతుంది, మూపురం కాస్త ఆగి ఊగుతుంది, గంగడోలు ఇంకా ఆలస్యంగా. మూడింటికీ సైన్ కర్వ్ (అలలా ఎత్తుపల్లాలుగా సాగే గీత) ఒకటే పెట్టి, ఒక్కోదాన్ని కొన్ని ఫ్రేములు వెనక్కి జరిపితే గిత్తకి బరువొస్తుంది. జరపకపోతే అట్టబొమ్మే.

అపోహ: అన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

వాస్తవం: కూడికలు అది చేస్తుంది, నిర్ణయం మనది. మనం స్వయంగా నిర్ణయించి పెట్టే ముఖ్యమైన ఫ్రేములే కీఫ్రేములు. రెండు కీఫ్రేముల మధ్య కదలిక, సాఫ్ట్‌వేర్‌లోని గ్రాఫ్ ఎడిటర్‌లో వంపుగా కనిపిస్తుంది. అది బెజియర్ కర్వ్. 1960లలో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియర్ బెజియర్ కారు బాడీ వంపుల కోసం వాడి ప్రచారంలోకి తెచ్చాడు. వాలు నిటారుగా ఉంటే వేగం, పడుకుంటే నెమ్మది. ఇంత తెలియనివాళ్లు ఆ వంపుని మార్చే హ్యాండిల్స్ లాగుతూ రాత్రుళ్లు గడపడం చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: ఎంపీసీ చదవకపోతే దారి లేదు.

వాస్తవం: ఉంది. క్యారెక్టర్ యానిమేటర్‌కి కోణాలు, నిష్పత్తులు, గ్రాఫ్ చదవడం వస్తే చాలావరకు సరిపోతుంది. రిగ్గింగ్‌లో (బొమ్మకి కదిలే ఎముకలు, కీళ్లు అమర్చే పని) మాత్రం, మణికట్టు లాగితే మోచెయ్యి ఎంత వంగాలో తేల్చేది త్రిభుజాల కొసైన్ సూత్రం. నీళ్లు, పొగ చేసే ఎఫెక్ట్స్‌లో వెక్టర్లు, కాల్‌క్యులస్ తప్పవు.

చేర్చే ముందు కొత్తపట్నం బీచ్‌లో అలల మీద పడవ ఊగడం ఫోన్‌లో తీయించండి. వీడియోని ఒక్కో ఫ్రేము ఆపుతూ, పడవ కొన ఎంత ఎత్తులో ఉందో గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టమనండి. విసుక్కోకుండా పూర్తిచేస్తే, మార్కులు పక్కనపెట్టి చేర్చేయండి.