మాయలో దాక్కునే చలిజ్వరం

పాడేరు వైపు నుంచి ఒకామె అడిగిన ప్రశ్న ఇది. "మా వదినకి తొలి కాన్పులో మలేరియా వచ్చి మనిషి తెల్లగా పాలిపోయింది, బిడ్డ రెండు కిలోలు కూడా తూగలేదు. రెండో కాన్పులోనూ చలిజ్వరం వచ్చింది గానీ అంత పని జరగలేదు. ఒళ్లు అలవాటు పడిందా అండీ?"

పడింది. ఎలా పడిందో చెప్పాలంటే ఉత్తరేణి దగ్గర మొదలుపెట్టాలి. (సికింద్రాబాద్, రోనాల్డ్ రాస్, 1897, దోమ జీవితచక్రం బొమ్మ: ఇవన్నీ బళ్లో మార్కుల కోసం గీసినవే, వదిలేద్దాం.)

పొలం గట్టున నడిచొస్తే చీర అంచుకి ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయి. చేతిలో ఉన్న స్టీలు క్యారేజీకి మాత్రం అంటవు. గింజకి ముల్లుంటే చాలదు, ముల్లుకి తగ్గ గుడ్డ కూడా దొరకాలి. మలేరియాల్లో ప్రాణం మీదికి తెచ్చే రకం ఫాల్సిపారం, దాని కథంతా ఇంతే.

ఈ మలేరియా తెచ్చే పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో దూరి సుమారు 48 గంటలు పెరుగుతుంది. రెండో రోజుకి ఆ కణం బిరుసెక్కుతుంది. అలాగే రక్తంతో తిరిగితే ప్లీహం పట్టేసుకుంటుంది, బిరుసు కణాలను ఏరిపారెయ్యడమే దాని పని. అందుకని కణం పైకి ముళ్లు పొడుచుకొస్తాయి, వాటితో రక్తనాళం గోడకి అంటుకుని ప్లీహం వైపు పోకుండా ఆగిపోతుంది. ఈ ముల్లు పీఎఫ్‌ఈఎంపీ-1 అనే ప్రొటీన్. దాన్ని తయారుచేసే 'వార్' జన్యువులు ఒక్కో పరాన్నజీవిలో 60 దాకా ఉంటాయి, వాడేది ఒకసారికి ఒకటే. మన ఒళ్లు ఆ ముల్లును గుర్తుపట్టి ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారుచేసేసరికి ఇంకో రకం ముల్లు తొడుక్కుంటుంది. మలేరియా ఎక్కువున్న చోట పుట్టి పెరిగిన మనిషి పెద్దయ్యేసరికి చాలా ముళ్లు చూసేసి ఉంటాడు. అందుకే అక్కడి పెద్దవాళ్లు పిల్లలంతగా పడిపోరు.

గర్భం రాగానే ఒంట్లోకి ఇంతకుముందు లేని గుడ్డ ఒకటి వస్తుంది. అదే మాయ, తల్లి రక్తం నుంచి బిడ్డకి తిండి అందించే ప్లాసెంటా. మాయ పైపొరలో కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఏ అనే చక్కెరల గొలుసు ఉంటుంది. మోకాళ్ల నొప్పుల బిళ్లల డబ్బా మీద కనిపించే కాండ్రాయిటిన్‌కి ఇది దగ్గరి చుట్టమే, కాకపోతే మాయలోది సల్ఫేట్ తక్కువున్న రకం. అంటుకునేది దీనికేనని ఫ్రైడ్, డఫీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1996లో చూపించారు. 60లో ఏ ముల్లు ఇక్కడ పనికొస్తుందో 2003లో తేలింది. దాని పేరు వార్2సీఎస్ఏ. భారీ ప్రొటీన్ అది, గొలుసులో కనీసం 12 చక్కెరలుంటే గానీ గట్టిగా పట్టదు. 2015లో ఇదే ముల్లు క్యాన్సర్ కణాలకీ అంటుకుంటుందని కనిపెట్టారు. గడ్డలు కూడా మాయలాంటి గుడ్డే నేస్తాయట! ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మగవాళ్ల రక్తంలో ఈ ముల్లుకి ప్రతిరక్షకాలు దాదాపు ఉండవు. మాయే లేనివాడికి ఆ ముల్లుతో పనేముంది? తొలి చూలు ఆడమనిషి రక్తంలోనూ ఉండవు. ఊళ్లోని మిగతా ముళ్లన్నీ ఎరిగిన ఒళ్లే ఈ ఒక్కదాని ముందు పసిపిల్లలా నిలబడుతుంది. నెలలు నిండేసరికి మాయలోకి నిమిషానికి అరలీటరు పైగా తల్లి రక్తం వచ్చిపోతుంటుంది, అందులో ముళ్ల కణాలు పేరుకుంటాయి. వాటిని మింగడానికి తెల్లకణాలు మూగి వాపు వస్తుంది, బిడ్డకు అందే తిండి తగ్గుతుంది. తల్లికి ఎర్రకణాలు పగిలి రక్తహీనత. కాన్పులో మామూలుగా పోయే రక్తాన్ని కూడా అలాంటి ఒళ్లు తట్టుకోలేదు. పరాన్నజీవులు మాయలో ఉండిపోవడంతో వేలి చుక్కలో ఏమీ కనబడకపోవచ్చు, నెగెటివ్ అని రాసిన చీటీ చేతికొస్తుంది.

రెండో కాన్పుకి ఆ ముల్లు పాత పరిచయం. మీ వదినగారి విషయంలో జరిగింది చాలావరకు ఇదే అయ్యుంటుంది.

అయితే ఈ లెక్క మలేరియా ఏడాది పొడవునా ఉండే చోటే. మైదానంలో పెరిగి ఏజెన్సీకి కోడలుగా వెళ్లినామెకి ఏ ముల్లూ తెలియదు, ఎన్నో కాన్పయినా ప్రమాదమే. రక్తంలో చక్కెర పడిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియా మాయలో ఇంతలా పేరుకోదు గానీ రక్తహీనత తెస్తుంది, బిడ్డ బరువు తగ్గిస్తుంది. పైగా కాలేయంలో నిద్రపోయి మళ్లీ లేస్తుంది, దాన్ని అక్కడ చంపే ప్రైమాక్విన్ గర్భిణికి ఇవ్వకూడదు.

మన ఇళ్లల్లో గ్రహణం పూట కడుపుతో ఉన్న పిల్లను గదిలో పెట్టి తలుపులేస్తారు, దోమతెర మాత్రం అటక మీదే ఉంటుంది. గాంబియాలో లెక్కపెట్టి చూస్తే గర్భిణుల దగ్గరికి దాదాపు రెట్టింపు దోమలు వచ్చాయి. ఇక "మలేరియా మందు వేడి, కడుపు పోతుంది" అనే మాట. కడుపు పోయేలా చేసేది వైద్యం అందని మలేరియానే. తొలి మూడు నెలల్లో కూడా ఆర్టిమెథర్-లూమెఫాంట్రిన్ అనే మలేరియా మందు వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఏ నెలలో ఏది ఇవ్వాలన్నది డాక్టరుగారి పని. మీ వదినగారికి మళ్లీ నెల తప్పి చలిజ్వరం వస్తే ఒక్క నెగెటివ్ చీటీతో ఊరుకోకండి, జ్వరం ఉన్నన్నాళ్లూ మళ్లీ మళ్లీ పరీక్ష చేయించండి. మాయలో దాక్కున్నది ఒక్కోసారి కాన్పయ్యాక ఆ మాయను మైక్రోస్కోప్ కింద పెడితే గానీ కనబడదు, అప్పుడు పరాన్నజీవి రక్తం తిని వదిలిన నల్లటి రేణువులు కనిపిస్తాయి.