సొంత డ్రోన్‌తో పల్టీలు: అపోహలు, వాస్తవాలు

పత్తి కట్టె పీకేసిన చెలకలే నల్లగొండ చుట్టుపక్కల మా మైదానాలు. ఆదివారం పొద్దున ఐదించుల ప్రొపెల్లర్ల డ్రోన్ లేపితే పిల్లలు మూగుతారు. వాళ్లడిగేవే ఇవి, పెద్దలూ అవే అడుగుతారు.

అపోహ: "అన్నా, ఏ బటన్ నొక్కితే పల్టీ కొడ్తది?"

వాస్తవం: ఆ బటన్ కొన్ని బొమ్మ డ్రోన్లకు ఉంటది. మనం సోల్డరింగ్ చేసి బిగించుకున్నదాన్ని ఆక్రో మోడ్‌లో ఎగరేస్తాం. అందులో రిమోట్ స్టిక్ వదిలితే డ్రోన్ తనంతట తాను సాపు కాదు, ఎంత వంగిందో అంతే వంగి ఉంటది. ఎంత వేగంగా తిరగాలన్నదే స్టిక్ చెప్పేది. డ్రోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్‌లో మొదట ఉండే సెట్టింగ్‌తో స్టిక్ చివరిదాకా తోస్తే సెకనుకు 670 డిగ్రీలు. పూర్తి పల్టీకి అరసెకను పైచిలుకు చాలు.

తిప్పడం కుడి బొటనవేలి పని. అది రెండు రోజుల్లో వస్తది. రానిది ఎడమ బొటనవేలి కింది థ్రాటిల్, అంటే మోటార్ల జోరు పెంచి తగ్గించే స్టిక్. ముందు గట్టిగా పైకి తోలాలి, తిరగడం మొదలవగానే తగ్గించాలి, సాపైతుండగా మళ్లీ ఇవ్వాలి. తలకిందులైనప్పుడు థ్రాటిల్ అట్లనే ఉంటే ప్రొపెల్లర్లు నేలవైపే తోస్తయి. నా మొదటి రెండు డ్రోన్ ఫ్రేముల చేతులు (మోటార్లు బిగించే కడ్డీలు) విరిగింది అక్కడే. థ్రాటిల్ సున్నా చేసినా అదుపు పోకుండా ఎయిర్‌మోడ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

పల్టీ కొట్టే అరసెకనులో అది పడేది మీటరున్నరే. కంగారులో ఇంకో సెకను తడబడితే మొత్తం పది మీటర్లు దాటుతది. అందుకే మొదట్లో తాటిచెట్టుకు రెండింతల ఎత్తు ఎక్కాకే మొదలుపెట్టమంటా.

అపోహ: ఖరీదైన మోటార్లు పెడితే పల్టీలు వాటంతటవే వస్తయి.

రావు. అదే రిమోట్‌ను యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపి సిమ్యులేటర్‌లో గంటలకొద్దీ పడగొట్టండి. అక్కడ విరిగేది ఏమీ లేదు.

అపోహ: బ్యాటరీ అయిపోయేదాకా ఎగరేయొచ్చు.

మనం వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. 3.5 దగ్గరికి రాగానే దింపేయాలి. ఇంట్లో ఉంచేటప్పుడు 3.8 దగ్గర. ఎండాకాలం బండి డిక్కీలో వదిలేసి చాయ్‌కి పోకండి, జర.

అపోహ: పొలం మనదే, రూల్స్ లేవు.

ఉన్నయి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రెండు కిలోల లోపుది సరదాకు ఎగరేస్తే పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. విమానాశ్రయాల్లాంటి చోట్ల ఉండే రెడ్ జోన్‌లో మాత్రం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా లేపొద్దు, అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనూ 400 అడుగుల ఎత్తే హద్దు. డ్రోన్ కెమెరా బొమ్మను చూపించే గాగుల్స్ పెట్టుకుంటే పక్కన కండ్లతో డ్రోన్‌ను చూసే దోస్తు ఉండేటట్టు చూసుకోండి.

అపోహ: చేనులో పడితే పోయినట్టే.

బ్యాటరీ ఊడిపడినా మోగే బజర్ ఒకటి పెట్టుకోండి. కందిచేనులో రెండు గంటలు వెతికినంకనే నేనూ కొన్న.