మెదక్ చర్చి ట్రిప్: బండిలో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

పన్నెండేళ్లుగా హైదరాబాద్ నుంచి మెదక్‌కి టెంపో ట్రావెలర్ తిప్పుతున్నా. శని ఆదివారాలు ఫ్యామిలీలు, మామూలు రోజుల్లో స్కూల్ పిల్లలు, ఇక డిసెంబర్ వచ్చిందంటే మనకి నిద్ర అనేదే ఉండదు. బండి గండిమైసమ్మ దాటిందో లేదో వెనక సీట్లలో అవే మాటలు మొదలవుతాయి, వాట్సాప్‌లో చదివినవి కొన్ని, బావమరిది చెప్పినవి కొన్ని. స్టీరింగ్ పట్టుకుని ప్రతిసారీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: వాటికన్ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్ద చర్చి

ఇది వినని ట్రిప్పు లేదు. వాస్తవం ఏంటంటే మెదక్ చర్చి 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు. గోవాలో సే కథీడ్రల్ 250 పొడవు, 181 వెడల్పు, అంటే మన దేశంలోనే దీనికంటే పెద్దది ఉంది కదా. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ అయితే లోపలి పొడవే 600 అడుగుల పైన. పైగా అసలు వాటికన్‌తో పోలికే కుదరదు, అది కాథలిక్కులది, మెదక్‌ది సీఎస్ఐ, అంటే ప్రొటెస్టెంట్. మెథడిస్ట్ మిషన్ వాళ్లు కట్టారు, 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది, పోప్‌గారికీ దీనికీ ఏ సంబంధం లేదు. మెదక్ డయాసిస్ చాలా పెద్దది అని ఎవరో అన్న మాటని తెచ్చి బిల్డింగ్‌కి తగిలించేశారని నా అనుమానం. డయాసిస్ అంటే బిషప్ కింద ఉండే ఏరియా, బిల్డింగ్ కాదు. అట్లాగే కథీడ్రల్ అంటే పెద్ద చర్చి అని కాదు, బిషప్ పీఠం ఉన్న చర్చి అని.

అట్లాగని చిన్నదేం కాదు. గంట గోపురం 175 అడుగులు, లోపల ఐదు వేల మంది పడతారు. ఊరికి ఇంకా కొంత దూరం ఉండగానే గోపురం కనపడుతుంది, అప్పటిదాకా ఫోన్లలో ఉన్న పిల్లలు కూడా తల ఎత్తుతారు. అది చాలదా, మళ్లీ వాటికన్ ఎందుకు మధ్యలో.

అపోహ: బ్రిటిష్ గవర్నమెంట్ కట్టించింది (ఇంకొందరికి నిజాం కట్టించాడు)

రెండూ కాదు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లీష్ పాస్టర్ గారు 1914లో మొదలుపెట్టారు, 1924 డిసెంబర్ 25న ప్రారంభం అయింది. ఆ పదేళ్లలోనే మొదటి ప్రపంచ యుద్ధం, ఇక్కడ కరువు. ఊరికే గంజి పోసే బదులు పని ఇచ్చి తిండి పెడదామని చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని పనిలో పెట్టారు, రాళ్లు మోసిన చేతులన్నీ ఈ చుట్టుపక్కల ఊళ్లవే. స్కూల్ పిల్లలకి నేను 'మన ఉపాధి హామీ పని లాంటిదిరా, కాకపోతే వందేళ్ల కిందట' అని చెప్తా, వెంటనే అర్థమైపోతుంది వాళ్లకి.

అపోహ: చీకటి పడగానే అద్దాల మీద బొమ్మలు మాయమైపోతాయి, అదొక మహిమ

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ట్రిప్పు ప్లాన్ మొత్తం దీని మీదే ఉంది.

బొమ్మలు మాయం కావు. అవి గోడ మీద పెయింటింగ్‌లు కాదు, రంగు అద్దం ముక్కల్ని సీసం పట్టీలతో అతికి చేసిన కిటికీలు. బయటి నుంచి వెలుగు వచ్చి అద్దంలోంచి దాటితేనే లోపల ఉన్నవాళ్లకి రంగు కనపడుతుంది. బయట చీకటైతే లోపల ఎన్ని లైట్లు వేసినా నల్లటి అద్దమే. ఇది ఏ దేశంలో ఏ చర్చికైనా అంతే.

నాకు ఇది తెలిసింది మాత్రం తిట్లు తిన్నాకే. కొత్తలో ఒక ఫ్యామిలీని పొద్దున కోట, మధ్యాహ్నం పోచారం అభయారణ్యం, అన్నీ తిప్పి చివర్లో చర్చికి తీసుకెళ్లా, మెయిన్ ఐటెం ఆఖర్న పెడితే బాగుంటుందని నా తెలివి. అప్పటికే పొద్దు గూకింది. ఆ ఇంటి పెద్దమ్మ గారు కిటికీ కింద నిలబడి నల్లటి అద్దం వైపు చూసి 'ఇదేనా నాయనా నువ్వు చెప్పిన రంగుల బొమ్మలు' అన్నారు, నేను తల ఎత్తలేదు.

అప్పట్నుంచి టైమింగ్ పక్కా. పెద్ద కిటికీలు మూడు. బలిపీఠం వెనక ఉత్తరం వైపు యేసు ఆరోహణం (అంటే పరలోకానికి ఎక్కి వెళ్లడం), తూర్పు వైపు సిలువ, పడమర వైపు యేసు పుట్టుక. తూర్పు కిటికీ చూడాలంటే పొద్దున్నే ఉండాలి, ఎండ నేరుగా పడి ఎరుపు, నీలం మండిపోతుంటాయి. పడమర కిటికీ మధ్యాహ్నం మూడు తర్వాత. ఉత్తరం వైపు దానికి నేరుగా ఎండ పెద్దగా తగలదు కాబట్టి పగలంతా దాదాపు ఒకేలా నిదానంగా వెలుగుతుంది, ఫోన్‌లో ఫోటో బాగా వచ్చేది కూడా దానికే. కానీ ఫోటో తీసే ముందు అక్కడి వాళ్లని అడగండి, ప్రార్థన జరిగేటప్పుడు మాత్రం అడగను కూడా అడగొద్దు. ఒక్క పూటే ఉంటే పొద్దున పూటే పెట్టుకోండి, బాగా మబ్బు ఉన్న రోజు అయితే వాయిదా వేసినా తప్పులేదు.

ఇంకో మాట, ఆ అద్దాలకి కూడా వందేళ్లు అనుకుంటారు. కాదు. ఆరోహణం 1927, పుట్టుక 1947, సిలువ 1958, అంటే ప్రారంభం రోజు వీటిలో ఒక్కటీ లేదు. డిజైన్ చేసింది ఫ్రాంక్ సాలిస్‌బరీ అని ఇంగ్లండ్ చిత్రకారుడు, అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ బొమ్మ గీసినాయనే. అందరూ పైకే చూసి మెడలు పట్టేసుకుంటారు గానీ కిందకి కూడా చూడండి, ఆ నేల టైల్స్ కూడా ఇంగ్లండ్ నుంచి తెప్పించినవే, చెప్పులు బయట వదిలి వట్టి కాళ్లతో నడుస్తుంటే చల్లగా ఉంటాయి.

అపోహ: చూడాలంటే క్రిస్మస్ రోజే చూడాలి

ఆరాధన కోసం అయితే తప్పకుండా రండి, తెల్లవారకముందే మొదటి ప్రార్థన, ఆ పాటలు, ఆ జనం, అది వేరే అనుభవం. చూడటానికి వచ్చేవాళ్లకి మాత్రం అది వద్దనే చెప్తా. బండి ఎక్కడో దూరంగా ఆపి నడవాలి, లోపలికి లైన్‌లో తోసుకుంటూ వెళ్లి లైన్‌లోనే బయటకి రావాలి, కిటికీ ముందు రెండు నిమిషాలు నిలబడనివ్వరు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా, గుడ్ ఫ్రైడే అప్పుడు కూడా దాదాపు ఇంతే. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది, అప్పుడు వచ్చి అటూ ఇటూ తిరగకూడదు, కూర్చుంటే కూర్చోండి లేదంటే అయ్యేదాకా బయట చెట్ల కింద ఆగండి. నన్నడిగితే మంగళవారమో బుధవారమో రండి, ఖాళీ హాల్లో మీ దగ్గు మీకే తిరిగి వినపడుతుంది.

అపోహ: క్రైస్తవులు కానివాళ్లని రానివ్వరు, టికెట్ ఉంటుంది

టికెట్ లేదు. ఎవరైనా వెళ్లొచ్చు. నా బండిలో వచ్చేవాళ్లలో సగానికి పైగా హిందువులు, ముస్లింలే. మెల్లగా మాట్లాడండి, పిల్లల్ని బలిపీఠం దగ్గరికి పరిగెత్తనివ్వకండి, అంతే.

అపోహ: సొంత బండి లేకపోతే కష్టం

నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నా గానీ, సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి బస్సులు ఉన్నాయి, సుమారు వంద కిలోమీటర్లే. 2022 సెప్టెంబర్‌లో అక్కన్నపేట నుంచి మెదక్‌కి కొత్త లైన్ మొదలైంది, కాచిగూడ నుంచి రైలు కూడా నడుపుతున్నారు. ట్రైన్లు తక్కువ, కాబట్టి రిటర్న్ టైమ్ చూసుకున్నాకే ఎక్కండి.

ఇక ఒక్కరోజులో చర్చి, కోట, ఏడుపాయల, పోచారం నాలుగూ చూపించమని అడిగేవాళ్లకి, కోట ఎక్కేసరికే మోకాళ్లు లెక్క చెప్తాయి అండి. పొద్దున చర్చి, తర్వాత ఏడుపాయల వనదుర్గమ్మ దర్శనం, అది చాలు. వానాకాలం మంజీర పొంగితే గుడి ముందుకి నీళ్లు వచ్చి దర్శనం ఆపేస్తారు, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. శివరాత్రి జాతర రోజుల్లో ఆ రూట్లో ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు.

నర్సాపూర్ అడవి దగ్గర కోతుల కోసం బండి ఆపమని మాత్రం నన్ను అడగొద్దు. మొన్న ఒకాయన అరటిపండు ఇద్దామని కిటికీ తీశాడు, పండు ఆయన చేతిలోనే ఉంది, కళ్లజోడు పోయింది.