క్యుములెంట్ విస్తరణ: వైవాలో వినబడే అపోహలు

శ్రీకాకుళం, ఎచ్చెర్ల చుట్టుపక్కల ఎమ్మెస్సీ పిల్లలకు స్టాటిస్టికల్ మెకానిక్స్ చెబుతుంటాను. ఒక డిస్ట్రిబ్యూషన్ ఆకారాన్ని వరుసగా వర్ణించే సంఖ్యలే క్యుములెంట్లు, వాటితో ఒక లెక్కను పదం తర్వాత పదంగా రాయడమే క్యుములెంట్ విస్తరణ. వీటి మీద ప్రశ్న వేస్తే ఏటా ఇవే జవాబులు.

అపోహ: "మొమెంట్లకే (అంటే విలువల ఘాతాల సగటులకే) ఇంకో పేరు, మాస్టారూ."

వాస్తవం: మొదటి క్యుములెంట్ సగటు, రెండోది వేరియన్స్, మూడోది సగటు నుంచి కొలిచిన మూడో మొమెంట్. తేడా నాలుగో దగ్గర బయటపడుతుంది. అక్కడ సగటు నుంచి కొలిచిన నాలుగో మొమెంట్‌లోంచి వేరియన్స్ వర్గానికి మూడు రెట్లు తీసేయాలి. ఎందుకంటారా? పలాసలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు జీడిపప్పు ఫ్యాక్టరీల రోజువారీ దిగుబడులు కలిపారనుకోండి. మొత్తానికి ఎన్నో క్యుములెంట్ కావాలన్నా ఆ రెండిటివీ కూడితే చాలు. నాలుగో మొమెంట్ అలా కాదు, రెండు వేరియన్సుల లబ్ధానికి ఆరు రెట్లు అదనంగా వచ్చి పడుతుంది. దూరదూరంగా ఉన్న రెండు అణువుల మొత్తం శక్తి విడివిడి శక్తుల మొత్తం కావాలంటే మనకు కావలసింది ఈ కూడిక గుణమే. అణువుల శక్తిని లెక్కగట్టే కపుల్డ్ క్లస్టర్ పద్ధతిలో వేవ్ ఫంక్షన్‌ను ఎక్స్‌పొనెన్షియల్‌గా రాసేదీ ఇందుకే.

అపోహ: "ఎన్ని పదాలు కలిపితే అంత కచ్చితం."

వాస్తవం: అన్నిటికంటే మొండి అపోహ ఇది. రెండు స్థితుల మధ్య ఫ్రీ ఎనర్జీ తేడాను, వాటి శక్తి తేడాకు ఎక్స్‌పొనెన్షియల్ సగటు తీసి లెక్కగట్టే సూత్రాన్ని 1954లో జ్వాంజిగ్ ఇచ్చాడు. దాన్ని విస్తరిస్తే ముందు శక్తి తేడా సగటు వస్తుంది, అందులోంచి వేరియన్స్‌ను రెండు కేటీలతో (కేటీ అంటే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం) భాగించి తీసేయాలి. ఆ శక్తి తేడా గాసియన్ (గంట ఆకారపు డిస్ట్రిబ్యూషన్) అయితే లెక్క అక్కడితో పూర్తి, ఉజ్జాయింపు ఏమీ లేదు. కాకపోతే? 1939లో గణితవేత్త మార్సిన్‌కీవిచ్ నిరూపించినదాని ప్రకారం రెండో క్యుములెంట్ తర్వాత సున్నా కానిది ఒక్కటున్నా, అలాంటివి అనంతంగా ఉండి తీరాలి. సరిగ్గా నాలుగు పదాలతో ముగిసే డిస్ట్రిబ్యూషన్ లోకంలో లేదు. పైగా మూడు, నాలుగు క్యుములెంట్లు డిస్ట్రిబ్యూషన్ తోకల్లోని, అంటే సగటుకు బాగా దూరంగా ఉన్న, కొద్ది నమూనాల మీద ఆధారపడతాయి. సిమ్యులేషన్ చిన్నదైతే వాటిలో సమాచారం కంటే నాయిసే ఎక్కువ.

"జ్వాంజిగ్ అసలు సూత్రం ఉండగా విస్తరణ ఎందుకు?" అని తెలివైనవాళ్లు అడుగుతారు. శక్తి తేడా ప్రామాణిక విచలనం 4 కేటీ అనుకోండి, గది ఉష్ణోగ్రతలో మోల్‌కు సుమారు 2.4 కిలోకేలరీలు. గాసియన్ అయితే ఎక్స్‌పొనెన్షియల్ సగటును నిర్ణయించే నమూనాలు సగటుకు నాలుగు విచలనాల కింద ఉంటాయి. అంత కిందికి దిగేది సుమారు 30 వేలలో ఒక్కటి. కొన్ని వేల నమూనాలతో అసలు సూత్రం వాడితే జవాబు పైకి తేలిపోతుంది. అదే డేటాతో రెండు క్యుములెంట్లు 8 కేటీల సవరణను పట్టుకుంటాయి. ముందు హిస్టోగ్రామ్ గీసి చూడండి. అది ఒక పక్కకు ఒరిగి ఉంటే మూడో పదం జోలికి పోకుండా, మార్పును చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి సిమ్యులేషన్ మళ్లీ నడపండి.

ఇక ఇదంతా కాగితం మీద లెక్కలే అనేవాళ్లు నానో కణాల సైజు కొలిచే డైనమిక్ లైట్ స్కాటరింగ్ రిపోర్టు తెరిచి చూడాలి. 1972లో కాపెల్ చూపించిన పద్ధతే అది. మొదటి క్యుములెంట్ నుంచి సగటు సైజు, రెండో దాన్నుంచి సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే పాలీడిస్పర్సిటీ ఇండెక్స్ వస్తాయి. ఆ ఇండెక్స్ 0.7 దాటితే పైన అచ్చయిన సగటు సైజును థీసిస్‌లో ఎక్కించకండి.